నూట ఇరవై ఎనిమిది డిగ్రీలు

నేను ఒక స్కానింగ్ యంత్రాన్ని. కడుపులో బిడ్డను చూపించే పెట్టె అంటే మీకు వెంటనే తెలుస్తుంది. మీలో చాలామంది నాలాంటిదాని ముందు ఊపిరి బిగబట్టి కూర్చునే ఉంటారు. "అదుగో చెయ్యి, అదుగో కాలు" అని డాక్టరు చూపిస్తుంటే, ఏమీ కనపడకపోయినా తల ఊపే ఉంటారు. అందులో మీ తప్పేమీ లేదు. నా తెరమీద కనిపించేవి బూడిదరంగు మబ్బులు. వాటిలో మనిషిని పోల్చుకోవాలంటే చదువైనా ఉండాలి, ఆశైనా ఉండాలి.

ఒక పెద్ద నగరం శివార్లలో, చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళాల్సిన ఒక చల్లటి షెడ్డులో నన్ను కూర్చారు. నాకు ఒక తెర, కొన్ని మీటలు, నాలుగు చక్రాలు, పొడుగాటి వైరు చివర అరచేతిలో ఇమిడే ఒక ప్రోబ్. చూపంతా ఆ ప్రోబ్‌దే. మీ చెవులకు అందనంత సన్నటి శబ్దాన్ని అది ఒంట్లోకి పంపిస్తుంది. ఎముకకు తగిలి ఆ శబ్దం తిరిగొస్తే, ఎంతసేపటికి వచ్చిందో లెక్కకట్టి నేను బొమ్మ గీస్తాను. చీకట్లో గోడ తడుముకుంటూ నడిచేవాడి పద్ధతే నాదీను. షెడ్డులో పరీక్ష కోసం నాకు మొదట చూపించింది ఒక రబ్బరు ముద్ద. అందులో దాచిన తీగలన్నీ సరిగ్గా చూపించానని ఒక అమ్మాయి నామీద పచ్చ చీటీ అంటించింది.

అక్కణ్ణించి లారీలో శ్రీకాకుళం జిల్లాకు వచ్చాను. ఊరి పేరు చెప్పను. నేను చెప్పబోయే మనుషులు ఇంకా అక్కడే తిరుగుతున్నారు. చుట్టూ జీడితోటలు, గాలి తిరిగినప్పుడు సముద్రపు వాసన, ఊళ్ళో సగం ఆడవాళ్ళు జీడిపిక్కలు ఒలిచే పనిలో ఉంటారు. అక్కడి ప్రభుత్వాసుపత్రిలో మూల గది ఒకటి నాకిచ్చారు. స్కానింగ్ డాక్టరు గారు మంగళవారం, శుక్రవారం వచ్చేవారు. ఆ రెండు రోజులూ వరండా చివరిదాకా బారు. మిగిలిన ఐదు రోజులూ నేను గుడ్డ కప్పుకుని పడుకునేదాన్ని. నన్ను తెప్పించడానికి ఎన్నో ఏళ్ళు అర్జీలు పెట్టారని గోడమీద ఫోటోలో ఉన్న పెద్దమనుషుల్ని చూపిస్తూ చెప్పుకునేవారు. తెచ్చాక వారానికి ఐదు రోజులు నిద్రపుచ్చడమెందుకో ఎవరూ అడగలేదు.

రెండేళ్ళు అలా గడిచాక డాక్టర్ నస్రీన్ వచ్చింది.

ఆమెది నంద్యాల. ముప్ఫై ఏళ్ళుంటాయి. పొట్టి మనిషి, నడక మాత్రం పరుగే. విశాఖపట్నంలో పెద్ద డాక్టర్ల దగ్గర ఒక కొత్త పద్ధతి నేర్చుకుని వచ్చింది. వచ్చిన నెలలోనే కావలసిన అనుమతులన్నీ తెచ్చి, నన్ను స్వయంగా తోసుకుంటూ కాన్పులు జరిగే లేబర్ రూంలోకి తీసుకెళ్ళింది.

ఆ గదిని నేను అప్పటిదాకా చూడలేదు. నొప్పులు పడుతున్న తల్లి లోపల బిడ్డ తల ఎంతవరకు దిగిందో తెలుసుకోవాలంటే, చేతికి తొడుగు వేసుకుని లోపల వేళ్ళతో తడిమి చూడడమొక్కటే అక్కడి దారి. పొద్దున డ్యూటీ సిస్టర్ చూస్తుంది. డాక్టరు చూస్తుంది. డ్యూటీ మారితే వచ్చినావిడ మళ్ళీ చూస్తుంది. చూసిన ప్రతిసారీ ఆ తల్లి మొహం గోడవైపు తిప్పుకునేది. కొందరు పెదవి కొరుక్కునేవారు. కొందరు అసలు నొప్పులకంటే ఆ తొడుగు చప్పుడుకే ఎక్కువ బెదిరేవారు.

నస్రీన్ పద్ధతి వేరు. ప్రోబ్‌కు పల్చటి తొడుగు వేసి, కాస్త జెల్ రాసి, కింద పైపైన ఆనించేది. లోపలికేమీ పోదు. నా తెరమీద ఒక పక్క తల్లి కటి ఎముక బాదంగింజలా కనిపిస్తుంది. ఆ పక్కన బిడ్డ పుర్రె నెలవంకలా మెరుస్తుంది. ఆ ఎముక వెంబడి ఒక గీత, దాని కొస నుంచి పుర్రె అంచును తాకుతూ ఇంకో గీత గీస్తే మధ్యలో ఒక కోణం వస్తుంది. తల దిగేకొద్దీ ఆ కోణం విచ్చుకుంటుంది. తొంభై డిగ్రీల దగ్గర ఉంటే బిడ్డ ఇంకా పైనే ఉన్నట్టు. నూట ఇరవై దాటితే చాలావరకు తనంతట తనే బయటికి వస్తుంది. ఆ అంకె కాగితంమీద రాసుకుంటూ గంట గంటకూ పోల్చుకుంటే, కాన్పు ముందుకు పోతోందో ఆగిపోయిందో తెలిసిపోతుంది.

ఇది ఆ గదిలో ఒకరికి నచ్చలేదు. ఆమె దయామణి సిస్టర్. లేబర్ రూంకు పెద్ద. ఇరవై ఎనిమిదేళ్ళుగా అక్కడే ఉంది. ఈ రెండు వేళ్ళతో ఈ ఊరు ఊరంతా బయటికి లాగాను, ఈ పెట్టె నాకేం చెబుతుంది అని తోటి సిస్టర్లతో అనేది. నా పేరు ఆమె నోట ఎప్పుడూ పెట్టే. నస్రీన్ వినీ విననట్టు ఊరుకునేది.

కొన్నాళ్ళకు ఒక తొలిచూలు అమ్మాయి వచ్చింది. పొద్దుటినుంచీ నొప్పులు. సాయంత్రానికి దయామణి వేళ్ళు పెట్టి చూసి, తల బాగా దిగింది, ఇంకో అరగంటలో అయిపోతుందంది. నస్రీన్ నన్ను పెట్టి చూస్తే తొంభై ఆరు. అంటే తల పైనే ఉంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నిజానికి ఇద్దరు చూసిందీ నిజమే. గంటల తరబడి ఒత్తుకుని బిడ్డ నెత్తిమీద చర్మం వాచి కిందికి జారింది. వేలికి తగిలింది ఆ వాపు. ఎముక మాత్రం ఇరుక్కుని ఎక్కడున్నది అక్కడే ఉంది. ఇంకా ఆగివుంటే ఏమయ్యేదో. ఆపరేషన్ చేశారు. బిడ్డ ఏడ్చింది.

ఆ సాయంత్రం దయామణి చాలాసేపు చేతులు కడుక్కుంది. తర్వాత నా దగ్గరకొచ్చి, ప్రోబ్‌కు అంటిన జెల్‌ను తనే తుడిచింది. అంతకుముందెప్పుడూ నన్ను ముట్టుకోలేదు. మర్నాటినుంచి జెల్ సీసాను వేణ్ణీళ్ళ గిన్నెలో పెట్టడం మొదలుపెట్టింది. చల్లటి జెల్ తగిలితే ఆడపిల్లలు ఉలిక్కిపడుతున్నారట. నస్రీన్‌కు ఆ ఊహ మూడు నెలలుగా తట్టనేలేదు.

తర్వాత మూడేళ్ళూ నాకు మంచిరోజులు. నస్రీన్ కొలిచేది, దయామణి పొట్టమీద చెయ్యి వేసి చూసేది, ఇద్దరూ కలిసి నిర్ణయించేవారు. కష్టమైన కాన్పు వస్తే దయామణే "మేడం, ఒకపాలి పెట్టె పెట్టి సూడండి" అనేది. నాలో ఎన్ని తలల బొమ్మలు నిండాయో. అన్నీ నెలవంకలే, ఏ రెండూ ఒక్కలా ఉండవు.

నాలుగో ఏడు వేసవిలో నేల తుడిచే బండి చక్రానికి నా వైరు చుట్టుకుని ప్రోబ్ కింద పడింది. పైకి పగుల్లేదు. కానీ అప్పటినుంచి బొమ్మలో నిలువునా ఒక నల్లటి చార పడేది. చార పక్కనున్నవన్నీ మునుపటిలాగే తేటగా ఉండేవి. బాగుచేయించమని నస్రీన్ లెటరు పెట్టింది, ఇంకో రెండు గుర్తుచేస్తూ పెట్టింది. విషయం పరిశీలనలో ఉందని జవాబు వచ్చింది. మనుషుల ఆఫీసుల్లో విషయాలు, తల్లి కడుపులో బిడ్డకంటే ఎక్కువ నెలలు ఉంటాయి.

నీలవేణి వచ్చింది ఆ వేసవిలోనే.

ఆమెకు ఇరవై ఆరేళ్ళు. జీడిపిక్కలు ఒలిచే పని. పిక్క తొక్కలో ఉండే నూనె చర్మాన్ని కాల్చేస్తుంది కాబట్టి ఆమె వేలికొసలు నల్లగా, బెరడులా ఉండేవి. రేషను కొట్లో వేలిముద్ర మిషను ఆమె వేలును ఎప్పుడూ ఒప్పుకోదని, ప్రతి నెలా తల్లిని వెంటబెట్టుకుని వెళ్ళాలని నవ్వుతూ దయామణికి చెప్పింది. భర్త కూర్మారావు గుజరాత్ వైపు చేపల బోటుమీద పనికి వెళ్తాడు. ఏడాదిలో ఎనిమిది నెలలు అక్కడే. బోటు ఒడ్డుకు చేరితేనే అతని ఫోను పలుకుతుంది. వాళ్ళకు నాలుగేళ్ళ కూతురు ఉంది. ఆ కాన్పు వేరే చోట ఆపరేషన్‌తో అయింది. కుట్లు చీముపట్టి రెండు నెలలు మానలేదు. పీటమీద వంగి కూర్చుని పిక్క కొట్టే పని కడుపుమీద పచ్చిపుండుతో ఎలా చేసిందో, ఎన్నిసార్లు స్పృహతప్పిందో తల్లి సూరమ్మ చెప్పుకుని ఏడ్చేది.

అందుకే ఈసారి నీలవేణి ఒక్కటే అడిగింది. "కోత లేకండా అవుతాదేమో సూడండి డాక్టరమ్మా."

నస్రీన్ వెంటనే సరేననలేదు. రెండుసార్లు పిలిపించి కూర్చోబెట్టి చెప్పింది. పాత కుట్టు ఉన్నచోట గర్భసంచి బలహీనంగా ఉంటుంది. నొప్పుల ధాటికి అది విడిపోయే ప్రమాదం ఉంది. చాలా అరుదు, కానీ ఉంది. నొప్పులు మొదలైన వెంటనే ఆసుపత్రికి వచ్చెయ్యాలి. తను పక్కనే ఉండి చూస్తూ ఉంటానని, తేడా వస్తే ఆపరేషన్ చేసేస్తానని చెప్పింది. నీలవేణి అన్నీ విని నల్లటి బొటనవేలి ముద్ర ఒప్పుదల కాగితంమీద వేసింది.

ఒక బుధవారం పొద్దున ఏడింటికి ఆటోలో వచ్చారు. ఎనిమిదింటికి నస్రీన్ మొదటిసారి కొలిస్తే తొంభై ఎనిమిది. పదింటికి నూట పద్నాలుగు. నొప్పి వచ్చినప్పుడు నీలవేణి మంచం ఊచను పట్టుకుని కళ్ళు మూసుకునేది. తగ్గగానే తల తిప్పి నా తెర చూసేది. పదకొండున్నర దాటాక మూడోసారి పెట్టారు. నూట ఇరవై ఎనిమిది. నస్రీన్ మొహం విప్పారింది. బొమ్మను కదలకుండా నిలబెట్టి తెర ఆమెవైపు తిప్పింది.

"ఇది తలేనా డాక్టరమ్మా?"

"తలే. ఇంకెంతోసేపు లేదు."

"ఎటు సూస్తంది?"

"కిందికి. నేలను చూస్తోంది."

నీలవేణి నవ్వింది. "ఆళ్ళ నాన్న లాగే. ఆడూ అంతే, ఎదరగా మొకం సూడడు."

ఆ బొమ్మను నస్రీన్ నాలో దాచింది. బిడ్డ గుండె కూడా వినిపించింది. గది నిండా టకటకమని గుర్రం పరుగెత్తినట్టు. గుమ్మం దగ్గర నిలబడ్డ సూరమ్మ చీరకొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. సంతోషంతోనే.

పన్నెండు దాటి ఎనిమిది నిమిషాలకు నస్రీన్ మళ్ళీ పెట్టింది. నూట తొమ్మిది.

నేను తప్పు చూపించలేదు. ఆ మాట ముందే చెబుతున్నాను. తల వెనక్కి వెళ్ళింది.

కాన్పులో తల ముందుకు రావచ్చు, ఉన్నచోటే ఆగవచ్చు. అంత కిందికి దిగిన తల మళ్ళీ అంత పైకి పోవడమంటే డాక్టర్లు భయపడే కారణం ఒకటుంది. గర్భసంచి చిరిగి బిడ్డ దానిలోంచి పొట్టలోకి జారిపోవడం. అది పుస్తకాల్లో ఉంటుంది. నస్రీన్ చదివింది, పరీక్షలో రాసింది, నీలవేణికి తన నోటితోనే చెప్పింది. అయినా ఆ క్షణాన ఆమెకు మొదట అది తోచలేదు. తన మణికట్టు వంగిందనుకుంది. జెల్ తుడిచి, కొత్తగా రాసి, మళ్ళీ పెట్టింది. నూట ఏడు. ఈసారి నన్ను అనుమానించింది. నల్లచార ఎముక అంచుమీద పడి గీత తప్పిందనుకుంది. ప్రోబ్‌ను పక్కకు జరిపి మూడోసారి కొలిచింది. నూట నాలుగు. ఇందాక కొలిచిన నూట ఇరవై ఎనిమిదే తప్పేమోనని పాత బొమ్మ తీసి పక్కపక్కన పెట్టుకుని చూసింది.

మూడేళ్ళు నేను చెప్పిన ప్రతి అంకెనూ నమ్మిన మనిషి. ఒక్క అంకెను నమ్మలేకపోయింది. నమ్మితే ఏం జరిగినట్టో ఆమెకు తెలుసు కాబట్టేనని నేననుకుంటాను.

అప్పుడు నీలవేణి మెల్లగా అంది. "నొప్పి ఆగిపోనాది డాక్టరమ్మా. బుజం లాగతంది."

పక్క గదిలో ఇంకో కాన్పు ముగించుకుని దయామణి అప్పుడే లోపలికి వచ్చింది. ఆ మాట వింది. కడుపులో రక్తం కారితే భుజం లాగుతుందని ఆమెకు తెలుసు. చేతులు తుడుచుకోకుండానే వచ్చి నీలవేణి పొట్టమీద అరచెయ్యి ఆనించింది. ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది.

"మేడం, ఇంక కొలవొద్దు. బిడ్డ సంచిలో లేదు. తోలు కిందే తగులుతోంది."

నస్రీన్ ప్రోబ్‌ను పొట్టమీదికి తెచ్చింది. గుండె కొట్టుకుంటోంది. ఒకటి, చాలాసేపటికి ఇంకొకటి. గోడ గడియారం పన్నెండూ పదిహేడు. ప్రోబ్ ఆమె చేతిలోంచి మంచంమీద పడింది. బండి తోసుకుంటూ ఇద్దరూ ఆపరేషన్ గదివైపు పరుగెత్తారు. సూరమ్మ వెనకాలే పరుగెత్తి తలుపు దగ్గర ఆగిపోయింది.

నేను లేబర్ రూంలోనే ఉండిపోయాను. జెల్ నా ప్రోబ్‌మీద ఎండి అట్టకట్టింది. తర్వాతి సంగతులు గదిలోకి వచ్చిపోయేవాళ్ళ మాటల్లో విన్నవే. బిడ్డను పన్నెండున్నరకల్లా బయటికి తీశారు. అరగంటసేపు ఊపిరి ఊదారు. ఏడవలేదు. గర్భసంచి కుట్టడానికి వీల్లేనంతగా చిరిగిపోతే తీసేశారు. నాలుగు సీసాల రక్తం ఎక్కించారు. నీలవేణి బతికింది.

పోయిన బిడ్డ ఆడో మగో నేను చెప్పను. చెప్పకూడదని లేబర్ రూం గోడమీద బోర్డు ఉంటుంది. అది పుట్టకముందు సంగతికే అనుకోండి. అయినా నాకు చెప్పాలని లేదు.

కూర్మారావుకు ఆరు రోజులకు తెలిసింది. బోటు ఒడ్డుకు వచ్చాక అతను చేసిన మొదటి ఫోను సూరమ్మ ఎత్తింది. వార్డు కిటికీ దగ్గర నిలబడి మాట్లాడింది. ఏం చెప్పిందో, అతనేమన్నాడో ఎవరికీ తెలియదు. 

అంతకుముందే, మూడో రోజున, సూపరింటెండెంట్ గారి గదిలో విచారణ జరిగింది. నన్నూ తోసుకెళ్ళారు. నాలో దాచిన బొమ్మల కింద టైములు ఉంటాయి. పన్నెండూ ఎనిమిది, పన్నెండూ పదకొండు, పన్నెండూ పద్నాలుగు. అందరూ ఒకరి తర్వాత ఒకరు వంగి చూశారు.  సూపరింటెండెంట్ గారు చెడ్డమనిషి కాదు. చాలాసేపు కళ్ళజోడు తుడుచుకుని, నల్లచారను వేలితో చూపించి, యంత్రంలో లోపం ఉందని మనం ముందే పైకి రాసి ఉన్నాం కదా, అదే కారణమని రాద్దాం అన్నారు. గదిలో అందరూ ఒక్కసారిగా ఊపిరి వదిలారు.

నస్రీన్ లేచి నిలబడింది. "యంత్రం సరిగ్గానే చూపించింది సార్. నేను నమ్మలేదు. అదే రాయండి."

"కూర్చోమ్మా. నువ్వు కావాలని చేశావా? నీకు ఉద్యోగం ఉంది, పేరుంది. ముందుముందు ఎంతమందికో కాన్పు చెయ్యాల్సినదానివి. దానికేముంది?" అని నావైపు చూశారు. "దానికి పిల్లలా, జెల్లలా?"

నిజమే. నామీద వేస్తే ఎవరికీ కష్టం లేదు. నేను కాదనలేను, అప్పీలు చేసుకోలేను. మనుషులు నన్ను తయారుచేసుకున్నది చూడడానికనుకున్నాను. నిందలు మోయడానికి కూడా పనికొస్తానని ఆ రోజే తెలిసింది. నస్రీన్ తన మాటలు వేరే కాగితంమీద రాసి సంతకం చేసి ఇచ్చింది. ఆ కాగితం ఫైల్లో అడుగున చేరింది. పైన మాత్రం యంత్ర లోపమనే ఉంది.

తొమ్మిదో రోజు నీలవేణిని ఇంటికి పంపిస్తారనగా, నస్రీన్ నన్ను తోసుకుంటూ వార్డు పక్కనున్న చిన్న గదిలోకి తీసుకొచ్చింది. దయామణి వద్దంది. ఇప్పుడు చెప్పి ఎవరికి మేలు మేడం, ఉన్న పుండుమీద ఇంకో పుండు కదా అంది. నస్రీన్ తల అడ్డంగా ఊపి నీలవేణిని పిలిపించింది. ఆమె గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చుంది. సూరమ్మ వెనక నిలబడింది.

నస్రీన్ ఆ బొమ్మలన్నీ ఒకదాని తర్వాత ఒకటి చూపించింది. టైములు చదివింది.  "ఇక్కడే నాకు తెలియాల్సింది. తల వెనక్కి పోయిందని ఇది చూపించింది. నేను నమ్మక మళ్ళీ మళ్ళీ కొలిచాను. తొమ్మిది నిమిషాలు పోగొట్టాను."

సూరమ్మ నేలమీద కూలబడి నెత్తి కొట్టుకుంది. దయామణి ఆమెను పట్టుకుంది. నీలవేణి అడిగింది.

"అప్పుడే నమ్మితే బతికేదా?"

"తెలీదు. బతికి ఉండొచ్చు."

"మీరు సెప్పకపోతే నాకు తెలిసేది కాదు కదా."

"తెలిసేది కాదు."

"మరెందుకు సెప్పినారు?"

నస్రీన్ అంది. "నీ బిడ్డ కాబట్టి."

నీలవేణి ఆమె మొహం చూడలేదు. తిట్టలేదు, పోనీలెమ్మనీ అనలేదు. నా తెరవైపే చూస్తూ కూర్చుంది. కాసేపయ్యాక, బతికున్నప్పటి బొమ్మ ఉందా అని అడిగింది. నస్రీన్ నూట ఇరవై ఎనిమిది డిగ్రీల బొమ్మ తీసి, నా పక్కనున్న చిన్న ప్రింటరులోంచి కాగితం తీసిచ్చింది. నున్నటి కాగితంమీద నెలవంకలా ఒక తల, నిలువునా నల్లచార, కింద అంకె. నీలవేణి దాన్ని వేలితో తడిమింది. పిక్కల నూనెకు కాలి మొద్దుబారిన ఆ వేలికి ఏమీ తెలియదని తనే ఒకసారి చెప్పింది. మడత పడకుండా జాకెట్టులో పెట్టుకుని లేచింది. అంత్యక్రియలప్పుడు ఆమె స్పృహలో లేదు. ఆ బిడ్డను ఆమె చూసింది ఆ కాగితంమీదే.

రెండు నెలలకు నస్రీన్ బదిలీ అడిగి ఏజెన్సీ కొండల్లోని ఒక ఆసుపత్రికి వెళ్ళిపోయింది. వెళ్ళేరోజు నా ప్రోబ్‌ను శుభ్రంగా తుడిచి, వైరు చుట్టి, తగిలించి వెళ్ళింది. అక్కడ కూడా ఇలాంటి యంత్రం పెట్టించుకుందని, అంకె వెనక్కి వస్తే రెండోసారి కొలవకుండా పరుగెత్తుతుందని దయామణి ఎవరితోనో అంటుంటే విన్నాను.

నా సంగతి వేరే అయింది. యంత్ర లోపమని కాగితంమీద పడ్డాక నన్నెవరూ వాడరు. అలాగని ఊరికే వదిలెయ్యడానికీ లేదు. మాలాంటివాటిని దొంగచాటుగా వాడి, ఆడపిల్లని తెలిస్తే కడుపులోనే చంపేసిన మనుషులు ఉన్నారు. అందుకని పాడైన యంత్రాన్ని కూడా అధికారులొచ్చి సీలు వెయ్యాలి. నేరం మనుషులది, తాళం మాకు. ముగ్గురొచ్చి నన్ను తెల్లగుడ్డలో చుట్టి, దారం కట్టి, లక్క కరిగించి ముద్ర వేశారు. దాన్ని తెంపితే కేసవుతుంది. తర్వాత విరిగిన స్ట్రెచర్లు, తుప్పుపట్టిన మంచాలు ఉన్న స్టోరు గదిలో పెట్టారు. లేబర్ రూంలో మళ్ళీ వేళ్ళతోనే చూడడం మొదలైంది.

నాలుగేళ్ళు గడిచాయి. మొన్న వర్షాలు తగ్గాక ఒక మధ్యాహ్నం స్టోరు తలుపు తెరుచుకుంది. ముందు దయామణి వచ్చింది. జుట్టు బాగా నెరిసింది, ఇంకో రెండు నెలల్లో రిటైరవుతుందట. ఆమె వెనక నీలవేణి, ఎండకు కమిలిన ఒక మగమనిషి, ఎనిమిదేళ్ళ పాప వచ్చారు. కూర్మారావును నేను చూడడం అదే మొదటిసారి. అతను నిజంగానే తల ఎత్తలేదు.

నీలవేణి చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు, అందులో తెల్లకాగితం. ఆ ప్రింటరు కాగితం వేడికి వెలిసిపోయే రకం. రేకుల ఇంట్లో ట్రంకుపెట్టెలో దాచుకుంది. మొదటి వేసవికి లేతబడింది, రెండో వేసవికి సగం పోయింది, ఇప్పుడు ఏమీ లేదు. మూలన నూట ఇరవై ఎనిమిది అన్న అంకె మాత్రం, వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే, లీలగా ఉంది.

ఇంకో బొమ్మ తీసిమ్మని అడగడానికి వచ్చారు. కొత్త సూపరింటెండెంట్ గారు కుదరదన్నారు. సీలు తెంపితే తన మెడకు చుట్టుకుంటుందన్నారు. కనీసం యంత్రాన్ని చూపిస్తాను రండని దయామణి వాళ్ళను తీసుకొచ్చింది.

కూర్మారావు నోరు విప్పాడు. "నాను ఒక్కపాలే సూసినాను సిస్టరమ్మా. గుజరాత్ నుంచి వొచ్చినప్పుడు. ఏది తలో నాకు తెల్లేదు. నీలవేణే సూపించింది. అప్పటికే కాస్త ఎలిసిపోయుంది."

దయామణి లక్కముద్రను చూపించి, దాన్ని ముట్టుకుంటే ఏమవుతుందో చెప్పింది. చెబుతూ చెబుతూ ఆమె వేళ్ళు ఆ దారం దగ్గరకు పోయాయి.  నీలవేణి ఆ చేతిని పట్టుకుని మెల్లగా పక్కకు తీసింది.

"వొద్దు సిస్టరమ్మా. రేపో మాపో ఇంటికెల్లిపోయే మనిషివి." తర్వాత గుడ్డమీద అరచెయ్యి పెట్టింది, సరిగ్గా నా తెర ఉన్నచోట. "ఇందలే ఉందా?"

"ఇందులోనే ఉంది."

"సెడిపోదు కదా?"

"చెడిపోదమ్మా."

"అయితే ఉండనీండి. ఉంటే సాలు."

పాప కూడా అమ్మను చూసి చెయ్యి పెట్టింది. కూర్మారావు పెట్టలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, తెర ఉన్నచోటునే చూస్తూ నిలబడ్డాడు. కాసేపటికి ముగ్గురూ వెళ్ళిపోయారు. నీలవేణి ఆ తెల్లకాగితాన్ని మళ్ళీ కవర్లో పెట్టుకుని పట్టుకెళ్ళింది.

నిన్న పై ఆఫీసునుంచి ఒక కాగితం వచ్చింది. స్టోరులో ఉన్న పాత యంత్రాలన్నిటినీ తుక్కు కింద తీసెయ్యమని. అధికారుల ముందు సీలు విప్పి, లోపల దాచిన బొమ్మలూ పేర్లూ ఒక్కటి కూడా మిగలకుండా చెరిపేశాకే బయటికి పంపాలట. సోమవారం వస్తారు. దయామణి ఆ కాగితం నా ముందు నిలబడే చదువుకుంది. వచ్చేవాళ్ళను ఆ ఒక్క బొమ్మ కోసం బతిమాలుకోవచ్చా అని గుమాస్తాను అడిగిందట. రోగుల బొమ్మలు బయటికివ్వడానికి కూడా మళ్ళీ పైనుంచి అనుమతి రావాలని అతను చెప్పాడట. సోమవారంలోపు అది రాదని ఇద్దరికీ తెలుసు.

ఆమె ఫోన్లో నీలవేణి నంబరు ఉంది. ఫోను బయటికి తీసి ఆ నంబరు చూసింది. నొక్కకుండానే ఫోను జేబులో వేసుకుని, నామీది దుమ్ము దులిపి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.